పిడుగుల కాలములో పొలము పనులు

మార్చి నెల చివర నుండి జూన్‌లో నైరుతి ఋతుపవనములు కుదురుకొను వరకు మన జిల్లాలలో వాన తీరు వేరు. ప్రొద్దుట మాడ్చు ఎండ. మధ్యాహ్నము తిరుగుసరికి ఒక మూల నల్లని మబ్బు. చూచుచుండగనే ఈదురుగాలి, మెరుపులు, ఉరుములు. సరిగా ఈ కాలముననే దాళ్వా వరి కోతలు, కల్లములలో మిరప ఆరబోత, మామిడికాయ కోత, తొలకరికి దుక్కులు. ఊరిలో పని చేయగలవారెల్ల ఆరుబయటనే ఉందురు.

2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు విపత్తు నిర్వహణ అధికారులు లెక్క కట్టిరి. 2022లో దేశమంతటను పిడుగుపాటు వలన 2,887 మంది మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ నివేదిక తెలుపుచున్నది. ఇట్లు పోవువారిలో అధికులు పల్లెలవారు, ఆరుబయట పనిలో ఉన్నవారు. తుపానుకు రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక వచ్చును. పిడుగుకు ఒక్కొక్కప్పుడు అర్ధగంట కూడ చిక్కదు. కావున ఏర్పాటు మబ్బు పట్టిన తరువాత కాక, కూలీలు పనిలోనికి దిగకముందే జరుగవలెను.

పిడుగుకు, బియ్యమునకు ఒకటే మంత్రమని మన సామెత. వాన వచ్చినపుడు చెట్టు క్రిందికి పోవుట మనకు అలవాటు. ఉరిమినపుడును అదే పని చేయుచున్నాము. ఇదియే ఎక్కువ ప్రాణములు తీయుచున్నది. పిడుగు ఎత్తైన వస్తువును వెదకును. చెట్టుపై పడిన విద్యుత్తు మ్రానువెంట దిగుచు, ప్రక్కన నిలచిన మనిషిమీదికి దుముకును. నేలలోనికి దిగినదియు నాలుగు ప్రక్కలకు ప్రాకును. అందుచేత మ్రానును తాకకుండ దూరముగా కూర్చున్నవారును దెబ్బ తిందురు. మామిడితోటలో నీడకు చేరినను, పొలములోని ఒంటి తుమ్మ క్రిందికి చేరినను ఫలితమొక్కటే.

మోటారు షెడ్డు సంగతియు చెప్పవలసియున్నది. నాలుగు స్తంభములపై రేకు కప్పి, గోడలు లేని షెడ్డు వాననుండి కాపాడునేగాని పిడుగునుండి కాపాడదు. పైగా కరెంటు తీగలు, స్టార్టరు పెట్టె, ఇనుప గొట్టము అక్కడనే ఉండును. ఉరుము వినబడిన తరువాత మోటారు ఆపుటకని స్టార్టరుపై చేయి వేయరాదు. నీరు పారిన పారనిండు. కప్పు గది లేని ట్రాక్టరు, మంచె, తాటాకు పాక కూడ రక్షణ ఇయ్యవు. తలుపులు, కిటికీలు గల పక్కా ఇల్లు మేలు. లేనిచో అద్దములు ఎత్తివేసిన కారు, బస్సు వంటి ఇనుప కప్పు వాహనము. కూలీలు వచ్చు ఆటో ప్రక్కలు తెరచి ఉండును గనుక అది దాగుటకు పనికిరాదు, కాని ఉరుము దూరముగా ఉన్నపుడే వారిని ఊరు చేర్చుటకు పనికివచ్చును. అందుచేత ఈ రెండు మూడు నెలలు మధ్యాహ్నపు వేళ ఆటోను పొలము గట్టుననే ఉంచుకొనుట మంచిది. బాడుగ కొంత పెరుగును. పెరిగినను అది దండుగ కాదు.

ఇక కల్లము. ఆరబోసిన ధాన్యముపైకి మబ్బు వచ్చినపుడు ఏ రైతు మనసును నిలువదు. ఇల్లు ఇల్లంతయు టార్పాలిన్ పట్టాలు పట్టుకొని పరుగెత్తును. చదునైన నేలపై, రాశిమీద నిలచి పట్టా లాగుచున్న మనిషియే ఆ ప్రదేశమునకెల్ల ఎత్తైన వస్తువు! తడిసిన ధాన్యమునకు ధర తగ్గునని నేనెరుగుదును; సంవత్సరపు కష్టమును విడిచి పొమ్మని చెప్పుట సులభము కాదు. కాని రెండింటిని కాపాడుకొను ఉపాయము కలదు. ఉరుములతో వాన కురియునని సూచన ఉన్న దినమున పంటను పలుచగా పరచక, ఎండ తగ్గకముందే, అనగా రెండు గంటలలోపుననే రాశి చేయవలెను. పట్టాలు, త్రాళ్ళు, ఇసుక బస్తాలు ఇంటి అటకపై కాక రాశి ప్రక్కననే ఉండవలెను. సగము రాశిని ముందే కప్పినచో మిగిలిన సగము నలుగురికి కొలది నిమిషముల పని. ఉరుము వినబడినపుడు ఎంత కప్పబడినదో అంతటితో విడువవలెను.

పని మాను మాట ఎవరు చెప్పవలెనో ముందుగనే నిర్ణయింపుడు. నాట్లలోగాని కోతలోగాని కూలీలు తమంతట తాము లేచిపోవుటకు సంకోచింతురు. సగము పూట కూలి పోవునేమోయని భయము. "ఉరిమినచో కూలి కోయను" అని రైతు ప్రొద్దుటనే ముఠా మేస్త్రితో అందరు వినునట్లు చెప్పవలెను. ఈ ఒక్క మాట లేనిదే తక్కిన ఏర్పాట్లెన్ని యున్నను పనికిరావు.

లెక్క సులభము. మెరుపు కనబడిన క్షణము నుండి ఉరుము వినబడు వరకు అంకెలు లెక్కింపుడు. మూడు సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు దూరము. ముప్పది లోపల ఉరిమినచో పిడుగు పది కిలోమీటర్ల లోపలనే ఉన్నది, వెంటనే కదలవలెను. చివరి ఉరుము తరువాత అర్ధగంట గడచినగాని తిరిగి పొలమునకు పోరాదు. వాన వెలిసినదని తొందరపడి వెళ్ళుటయు ప్రమాదమే. పూనాలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు తయారుచేసిన 'దామిని' యాప్ మీ చుట్టును 20 నుండి 40 కిలోమీటర్లలో పిడుగుల జాడ తెలుపును. మేస్త్రి ఫోనులో అది ఉండుట మేలు. సెల్‌ఫోను పిడుగును లాగునను మాట నిజము కాదు. రబ్బరు చెప్పులు కాపాడుననుటయు నిజము కాదు.

ఉరిమినపుడు అర్జునుని పేర్లు తలచుట పెద్దల ఆచారము. తలచవచ్చును, గట్టి కప్పు క్రిందికి నడచుచు తలచవలెను.

ఎక్కడికిని పోలేని స్థితిలో చిక్కినచో నీటిమడి, గట్టు, ఇనుప తీగ కంచె విడిచి, ఒకరికొకరు దూరముగా విడిపోయి, పాదములు దగ్గరగా చేర్చి గొంతుకూర్చుండవలెను. పరుండరాదు. ఇది రక్షణ కాదు, గత్యంతరము లేనప్పటి పని మాత్రమే.

పిడుగు తగిలినవాని శరీరములో విద్యుత్తు నిలువదు. తాకుటకు భయపడి ఆలస్యము చేయుటచే బ్రతుకవలసినవారు పోవుచున్నారు. ఊపిరి ఆగియున్నచో 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రెండంగుళముల లోతున గట్టిగా నొక్కుచు, వాహనము వచ్చువరకు మానరాదు. పేడలో పాతిపెట్టుట వంటి పనులతో కాలము పోగొట్టరాదు.

పశువులను చెట్టుకు కట్టరాదు. ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు నడుమ దూరము ఎక్కువగుటచే నేలలో ప్రాకు విద్యుత్తు వాటి గుండెగుండ పోవును. చెట్టు క్రింద మంద మంద యొక్కసారిగ పడిపోవుట ఇందువలననే.

గ్రామాధికారులకు ఒక మనవి. పొలములకు దగ్గరగా ఉండు పక్కా కట్టడము సాధారణముగా బడియే. అది వేసవి సెలవులలో, అనగా పిడుగుల కాలములోనే, తాళము వేసి ఉండును. సెలవులు ఇచ్చు దినముననే ఆ తాళపుచెవి బడికి దగ్గరి ఇంటిలో ఎవరియొద్ద ఉండునో నిర్ణయించి, ఆ పేరు ముఠా మేస్త్రులందరికి తెలియజేయవలసినదిగా కోరుచున్నాను.