పక్క రేడియో చెవులు మూసుకుపోకుండా

2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్ వెళ్లింది. అక్కడి నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడాలని వాళ్ల ప్లాన్. 26న సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు చేరవేసే పని ఆ హామ్ రేడియోల మీద పడింది.

పెద్ద విపత్తులో ఒక్క రేడియో సరిపోదు. ఒకే బిల్డింగ్ మీద రెండు మూడు పెడితే ఇంకో తలనొప్పి: ఒకటి మాట్లాడుతుంటే పక్కదానికి ఏమీ వినపడదు. మా నెల్లికుదురులో వినాయక చవితికి పక్కపక్క మండపాల మైకులు మోగితే ఎట్లుంటదో, ఇది అంతకన్నా ఘోరం. ఎందుకంటే హామ్‌లు ‘బాగా వినిపిస్తోంది’ అనే ఎస్9 సిగ్నల్ కన్నా 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ పవర్ దాదాపు 2 లక్షల కోట్ల రెట్లు ఎక్కువ!

తప్పు రెండు వైపులా ఉండొచ్చు. ఒకటి, ట్రాన్స్‌మిటర్‌ది. 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే 14, 21, 28లో కూడా కొంచెం లీకవుతుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. రెండోది, రిసీవర్‌ది. పక్క సిగ్నల్ వేరే బ్యాండ్‌లో ఉన్నా, దాని బలానికి రిసీవర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఎవరిది తప్పో తేల్చాలంటే రిసీవర్ ముందు 10 డెసిబెల్ అటెన్యుయేటర్ పెట్టండి. గోల కూడా సరిగ్గా 10 తగ్గితే అది నిజంగా ఆ ఫ్రీక్వెన్సీలోకి వస్తున్నట్టే, కాబట్టి మందు ట్రాన్స్‌మిటర్ దగ్గర వేయాలి. అంతకన్నా బాగా తగ్గితే రిసీవర్ తట్టుకోలేకపోతోందని అర్థం. ఇది తెలీకుండా ఫిల్టర్ కొంటే డబ్బులు దండగ.

చవకైన మందు ఒకటుంది. వెలాసిటీ ఫ్యాక్టర్ 0.66 ఉన్న కోయాక్స్ కేబుల్ దాదాపు 7 మీటర్లు తీసుకొని, ఒక చివర షార్ట్ చేసి, ఇంకో చివరను 7 మెగాహెర్ట్జ్ రేడియో యాంటెనా లైన్‌కి టీ కనెక్టర్‌తో కలపాలి. దీన్ని స్టబ్ అంటారు. 7కి అది లేనట్టే ఉంటుంది, 14ని మాత్రం షార్ట్ చేసేస్తుంది. 21ని మాత్రం ఆపలేదు, దానికి బ్యాండ్‌పాస్ ఫిల్టర్ కావాలి. రిసీవర్ ఉక్కిరిబిక్కిరికీ మందు అదే ఫిల్టర్, కానీ రిసీవర్ వైపు పెట్టాలి. డైపోల్ యాంటెనాలను పక్కపక్కన కాకుండా, ఒకే గీతలో కొసకు కొస ఎదురుగా కడితే ఒకదాని పవర్ ఇంకోదానికి తక్కువ చేరుతుంది.

రెండు రేడియోలూ ఒకే బ్యాండ్‌లో ఉంటే ఈ ఫిల్టర్లు పెద్దగా పనికిరావు. అప్పుడు దూరం పెంచాలి, పవర్ తగ్గించాలి, లేదా వంతులేసుకోవాలి. మనం మాట్లాడుతున్నంతసేపూ, బ్యాటరీ అయిపోవస్తున్న ఏదో చిన్న స్టేషన్ పక్క రేడియోని పిలుస్తూ ఉండొచ్చు.