టీవీ బొమ్మలో దాచిన పాట

స్టూడియోలో కొత్త సెషన్ తెరవగానే సాఫ్ట్‌వేర్ అడిగే మొదటి సంగతి శాంపిల్ రేటు. 44.1, 48, 88.2, 96, 192 కిలోహెర్ట్జ్... 48, 96, 192 ఒకదానికొకటి రెట్టింపవుతూ బుద్ధిగా నడుస్తాయి. 44.1 మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. సౌండ్ ఇంజనీరింగ్ తరగతిలో ఎవరో ఒకరు అడగక మానరు: సెకనుకు 44,000 సార్లో 45,000 సార్లో కొలిస్తే సరిపోయేదిగా, ఆ వంద తోక ఎందుకు?

సగం జవాబు మన చెవిలో ఉంది. మనిషి 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలడు. నైక్విస్ట్, షానన్ అనే ఇంజనీర్లు తేల్చిన లెక్క ప్రకారం, అందుకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు మైకు వోల్టేజీని కొలిచి అంకెలుగా రాసుకుంటే అసలు తరంగాన్ని మళ్లీ ఉన్నదున్నట్టు గీయొచ్చు. కొలతకీ కొలతకీ మధ్య ఏదో జారిపోతుందన్న అనుమానం చాలామందికి ఇప్పటికీ ఉంది. పై శబ్దాలను ఫిల్టరుతో ముందే కోసేస్తే జారిపోవడానికి అక్కడేమీ మిగలదు. అయితే ఏ ఫిల్టరూ నిట్టనిలువుగా కోయలేదు, దానికి కొంత జాగా వదలాలి. అంటే 40 వేల పైన ఎంతో కొంత.

ఆ కొంత ఎంతో తేల్చింది టీవీ.

అంకెలుగా మారిన పాటను దాచుకోవడానికి చోటు కావాలి. ఒక్కో కొలతకు 16 బిట్లు, రెండు చానళ్లు. అంటే సెకనుకు 14 లక్షల బిట్ల పైమాట, గంటకు 600 మెగాబైట్లకు పైనే. 1970లలో మామూలు కంప్యూటర్ డిస్కుకు ఇది మోయలేని బరువు. స్టూడియో టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో పరిగెత్తినా, కదలని హెడ్డు ముందు అన్ని బిట్లు ఇమడ్చడం కష్టం. వీడియో రికార్డరులో టేపు నింపాదిగానే కదులుతుంది కానీ, డ్రమ్ముకు బిగించిన హెడ్డే గిరగిరా తిరుగుతూ టేపు మీద ఏటవాలు గీతలు గీస్తుంది. యూమాటిక్ అనే వీడియో రికార్డరులో డ్రమ్ము సెకనుకు 30 చుట్లు తిరిగేది. హెడ్డుకూ టేపుకూ మధ్య వేగం సెకనుకు దాదాపు 10 మీటర్లు! బిట్లు పట్టేంత చోటు అక్కడ దొరికింది. ఈ దారి ముందుగా తొక్కిన కంపెనీల్లో ఒకటి జపాన్‌కు చెందిన డెనాన్, 1972లో, 13 బిట్లతో.

కానీ వీడియో రికార్డరుకు బొమ్మ తప్ప మరొకటి రాయడం రాదు. అందుకని సోనీ ఇంజనీర్లు పాటనే బొమ్మగా వేషం కట్టించారు. 1978లో వచ్చిన పీసీఎం-1600 యంత్రం, తర్వాతి 1610, 1630 చేసిన పని ఇదే: 1 వస్తే తెల్ల చుక్క, 0 వస్తే నల్ల చుక్క. ఆ సిగ్నల్‌ను టీవీకి తగిలిస్తే తెర నిండా ఈగలు ముసిరినట్టు చుక్కలు గిజగిజలాడతాయి. అదే పాట!

ఇక లెక్క. అమెరికా, జపాన్ పద్ధతి టీవీలో సెకనుకు 60 ఫీల్డులు, అంటే సగం బొమ్మలు. ఒక్కో ఫీల్డులో వాడుకోదగ్గ గీతలు 245, గీతకు చానల్‌కు మూడు కొలతలు. 60 × 245 × 3 = 44,100. యూరప్ టీవీలో 50 ఫీల్డులు, 294 గీతలు. 50 × 294 × 3 = మళ్లీ 44,100! రెండు పద్ధతుల టీవీలకూ ఒకేలా అతికే సంఖ్య. (44,100 అంటే 210 × 210. 2, 3, 5, 7 గుణిస్తే 210. ఇన్ని రకాలుగా విడగొట్టగల సంఖ్య కాబట్టే ఇక్కడా అక్కడా సరిపోయింది.) రంగుల టీవీ వచ్చాక అమెరికాలో ఫీల్డుల వేగం 59.94కు తగ్గింది. దాంతో లెక్కేస్తే 44,056 వస్తుంది. అక్కడ ఇళ్లలో వాడుకునే పీసీఎం-ఎఫ్1 అలాగే నడిచింది.

సీడీ మాస్టర్లు ఫ్యాక్టరీకి వెళ్లింది యూమాటిక్ క్యాసెట్ల మీదే కాబట్టి సీడీకీ అదే వేగం అంటుకుంది. సీడీని కలిసి రూపొందించిన ఫిలిప్స్, సోనీ తగువు పడింది బిట్ల దగ్గర. ఫిలిప్స్ చేతిలో 14 బిట్ల చిప్ ఉంది, అది చాలంది. సోనీ 16కు తగ్గనంది, నెగ్గింది. ఫిలిప్స్ వాళ్లు ఊరుకున్నారా? 1982లో సీడీ ప్లేయర్లు మార్కెట్లోకి వచ్చేసరికి అదే 14 బిట్ల చిప్‌ను నాలుగు రెట్ల వేగంతో నడిపి, లెక్క తప్పిన శేషాన్ని చెవికి అందని ఎత్తుకు నెట్టేసి, 16 బిట్ల నాణ్యత రాబట్టారు. ఓడిన పక్షం చూపిన ఈ తెలివే ముచ్చటేస్తుంది. నేటి స్టూడియో కన్వర్టర్లన్నీ దాదాపు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

తర్వాతి కథ తెలిసిందే. డాట్ క్యాసెట్లు, ఎస్-వీహెచ్‌ఎస్ టేపు మీద ఎనిమిది ట్రాకుల అడాట్, 1991లో ప్రో టూల్స్, ఆపైన హార్డ్ డిస్కులు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఒక్క ట్రాకు నిమిషానికి 17 మెగాబైట్లు తింటుంది. అయినా ఎవరూ లెక్కచేయరు.

టీవీ తగిలించిన ఆ తోక మాత్రం సినిమా పాటల దగ్గర ఇప్పటికీ కాలికి తగులుతూనే ఉంటుంది. థియేటరుకు వెళ్లే ధ్వని 48 కిలోహెర్ట్జ్. 44.1లో తీసిన పాటను అక్కడికి చేర్చాలంటే ప్రతి 147 కొలతల నుంచి 160 కొత్తగా లెక్కగట్టాలి. సాఫ్ట్‌వేర్ ఆ పని చిటికెలో చేస్తుంది. ఎవరైనా మరిచిపోయి ఫైలును అలాగే 48లో ఆడిస్తే వేగం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకూ రెండుకూ మధ్య వేలాడుతుంది. వయొలిన్ వాయించేవాళ్లు మొదటి స్వరానికే పట్టేస్తారు.