కొత్తవారి ఉత్తరం: రానివ్వాలా, ఆపాలా?

విద్యార్థులారా! కొందరు కలిసి ఊరందరి కోసం ఒక బావి తవ్వుతున్నారనుకోండి. దారినపోయే మనిషి ఒకడు ఆగి, "అటు పక్క గట్టు బీటలు వారింది, చూసుకోండి" అన్నాడు. అతడెవరో తెలియదు గదా అని వినకపోతే నష్టం ఎవరికి?

కంప్యూటర్ల ప్రపంచంలోనూ ఇటువంటి ఉమ్మడి పనులున్నాయి. ప్రోగ్రామును ఎలా రాశారో దాచకుండా అందరి ముందూ ఉంచి, ఎవరైనా సరిదిద్దడానికి వీలు కల్పించే పద్ధతిని 'ఓపెన్ సోర్స్' అంటారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఇటువంటిదే. వేర్వేరు దేశాలలో ఉండే ఈ పనివారు చాలావరకు ఈమెయిల్ ఉత్తరాలతో మాట్లాడుకుంటారు. ఒక ఉమ్మడి చిరునామాకు రాస్తే ఆ ఉత్తరం సభ్యులందరికీ చేరుతుంది.

చిక్కు ఎక్కడ?

1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరుకును గురించి సుమారు 400 మందికి ఒకేసారి ఈమెయిల్ ప్రకటన పంపాడు. అడగకుండా వచ్చిపడే ఇటువంటి ఉత్తరాలనే నేడు 'స్పామ్' అంటున్నాం. పంపేవాడికి ఖర్చు దాదాపు లేదు; చదివేవారికి మాత్రం కాలం వృథా. ఉమ్మడి చిరునామాకు ఒక్క చెత్త ఉత్తరం వచ్చినా, సభ్యులు 5,000 మంది ఉంటే 5,000 ప్రతులవుతుంది!

అయితే సభ్యులు కానివారి ఉత్తరాలన్నీ ఆపేస్తే సరిపోదా? సరిపోదు. ప్రోగ్రామును వాడే సామాన్యుడు తప్పును కనిపెట్టి, జీవితంలో ఒక్కసారే ఉత్తరం రాయవచ్చు.

జల్లెడ, కాపలాదారు

ఉత్తరంలోని మాటలను బట్టి చెత్తను ఏరివేసే ప్రోగ్రాములున్నాయి. బయటివారి ఉత్తరాలు 10,000 వచ్చాయనీ, వాటిలో 9,500 చెత్త, 500 మంచివనీ అనుకుందాం. జల్లెడ నూటికి 99 సార్లు సరిగా తేల్చినా, సగటున 95 చెత్త ఉత్తరాలు లోపలికి వస్తాయి, 5 మంచివి పోతాయి. రెండూ తప్పులే, కాని సమానం కావు. చెత్తను చూసి తీసేయవచ్చు; పోయిన మంచి ఉత్తరం సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే చాలాచోట్ల బయటివారి ఉత్తరాన్ని పారవేయక, కాసేపు ఆపి ఉంచుతారు. ఒక మనిషి దానిని చదివి పంపిస్తాడు, లేదా తీసేస్తాడు. ఆ పని చేసే మనిషి 'మోడరేటర్'.

అర సెకను కథ

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో ఒక పని మామూలుకంటే సుమారు అర సెకను ఆలస్యమవడం గమనించాడు. కారణం వెతికితే, 'ఎక్స్‌జెడ్' అనే ప్రోగ్రాములో రహస్యంగా అమర్చిన దొంగదారి బయటపడింది! మార్చి 29న దానిని ఈమెయిల్ ద్వారా లోకానికి తెలియజేశాడు. దొంగదారి పెట్టింది రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన సభ్యుడు. పట్టుకున్నది ఆ బృందంలో లేని మనిషి.

కనుక ఉత్తరం ఎవరు రాశారన్నది ఒక్కటే చూస్తే చాలదు. అందులో ఏముందో చూడాలి.

ఆలోచించండి: పై లెక్కలో జల్లెడ నూటికి 98 సార్లే సరిగా తేలిస్తే ఎన్ని మంచి ఉత్తరాలు పోతాయి? ఒక్కటి కూడా పోకుండా ఉండాలంటే ఎవరికి ఎంత పని పెరుగుతుంది?