విహార నౌకలో మద్యపాన నియమాలు – డబ్బు చెల్లించే ముందే తెలుసుకోవలసినవి

పొలిమేర దాటితే చట్టం మారుతుందన్న విషయం సరిహద్దు గ్రామాల ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. యానాంలో మద్యం కొనడానికి 18 ఏళ్ళు నిండితే చాలు. ఊరు దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెడితే 21 ఏళ్ళు నిండాలి. మహారాష్ట్రలో విస్కీ, బ్రాందీ వంటి వాటికి 25 ఏళ్ళు నిండాలి. సముద్రంపై తిరిగే విహార నౌకలో ఈ వ్యవహారం మరికొంత చిక్కుగా ఉంటుంది. అక్కడ పొలిమేర రాయి కనిపించదు. నౌక కదులుతూనే ఉంటుంది.

ఇది మనకు సంబంధం లేని సంగతి అనుకోరాదు. అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను రప్పించుకొని నౌకా విహారానికి తీసుకొని వెళ్ళడం ఇప్పుడు అరుదు కాదు. విశాఖపట్నంలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన యువకులు ఇటువంటి నౌకలలో ఉద్యోగాలకు వెళుతున్నారు. కనుక నియమాలు తాగేవారికే గాక, తాగనివారికి కూడా తెలియాలి.

నౌకపై ఎవరి మాట చెల్లుతుంది?

ప్రతి నౌక ఏదో ఒక దేశంలో నమోదై, ఆ దేశపు పతాకాన్ని ఎగురవేస్తుంది. అనేక విహార నౌకలు బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాలలో నమోదైనవి. నడి సముద్రంలో ఆ పతాక దేశపు చట్టమే వర్తిస్తుంది. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళలోపు, అనగా సుమారు 22 కిలోమీటర్ల మేర, తీర దేశపు అధికారం కూడా ఉంటుంది. సుంకం లేని సరకుల దుకాణాలను అనేక నౌకలలో రేవులో ఉన్నంతసేపు మూసి ఉంచి, సముద్రంలోకి వెళ్ళిన తరువాత తెరవడానికి కారణం ఇదే. ఈ రెండింటికి తోడు మూడవది నౌకా సంస్థ సొంత నియమావళి. ప్రయాణికునికి నిత్యం ఎదురయ్యేది ఈ మూడవదే.

వయఃపరిమితి

అమెరికా రేవుల నుండి బయలుదేరే పెద్ద సంస్థల నౌకలలో సాధారణంగా 21 ఏళ్ళు నిండినవారికే మద్యం ఇస్తారు. రాయల్ కరీబియన్ వంటి సంస్థ యూరప్, ఆసియా, ఆస్ట్రేలియా రేవుల నుండి బయలుదేరినపుడు 18 ఏళ్ళవారికి కూడా ఇస్తుంది. కనుక ఒకే సంస్థ అయినా, 19 ఏళ్ళ కుమారునికి ఒక ప్రయాణంలో చెల్లినది మరొక ప్రయాణంలో చెల్లదు. పెద్దలు తమ కార్డుపై తెప్పించి చిన్నవారికి అందించడం తీవ్రమైన తప్పు. నియమాలు మీరిన ప్రయాణికులను మరుసటి రేవులో దింపివేసే అధికారం కెప్టెన్‌కు ఉంటుంది. అక్కడి నుండి ఇంటికి చేరే ఖర్చు ప్రయాణికులదే.

ప్యాకేజీ లెక్క

నౌకలో నోట్లతో పని లేదు. గది కార్డు చూపితే ఖర్చు ఖాతాలో చేరి, చివరి రోజున మొత్తం బిల్లు వస్తుంది. మద్యాన్ని విడివిడిగా కొనవచ్చు, లేదా రోజుకు ఇంత అని ప్యాకేజీ తీసుకొనవచ్చు. ఇక్కడ గమనించవలసిన షరతు ఒకటి ఉంది. కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి సంస్థలలో ఒక గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే, అదే గదిలోని అర్హత వయస్సు గల పెద్దలందరూ తీసుకొనవలసి ఉంటుంది.

ఉదాహరణకు రోజుకు 70 డాలర్ల ప్యాకేజీ అనుకుందాం. ఏడు రోజులకు ఇద్దరికి 980 డాలర్లు. దానిపై 18 శాతం సేవా రుసుము 176 డాలర్ల 40 సెంట్లు. మొత్తం 1,156 డాలర్ల 40 సెంట్లు. భర్త రెండు పెగ్గులు తీసుకొని, భార్య మద్యమే ముట్టనిదైతే, ఆమె పేరిట 578 డాలర్లు వృథాగా పోయినట్లే. గ్లాసు 14 డాలర్లు అనుకుంటే రోజుకు అయిదు గ్లాసులు తాగితే గాని 70 డాలర్లు గిట్టవు. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని తాగడం మొదలైతే నష్టం డబ్బుతో ఆగదు. కార్నివాల్ ప్యాకేజీలో సైతం 24 గంటలలో 15 మద్య పానీయాలకు మించి ఇవ్వరు. అది హద్దే గాని, అంత తాగవచ్చునన్న సలహా కాదు.

మద్యం ముట్టనివారికి

మంచినీరు, సాధారణ టీ, కాఫీ, అల్పాహార వేళ కొన్ని రసాలు చాలా నౌకలలో టిక్కెట్టులోనే చేరి ఉంటాయి. కూల్‌డ్రింకులకు సాధారణంగా వేరుగా చెల్లించాలి. తాగనివారికి మద్యం లేని ప్యాకేజీ ఇమ్మని ముందుగా అడిగితే కొన్ని సంస్థలు అంగీకరిస్తాయి. అడగకపోతే మాత్రం వారంతట వారు చెప్పరు.

వెంట తెచ్చుకునే సీసాలు

కార్నివాల్ నౌకలో ఎక్కే రోజున 21 ఏళ్ళు దాటిన ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి తెచ్చుకొనవచ్చు. విస్కీ, బ్రాందీ, బీరు తేరాదు. దారిలో రేవులో కొన్న మద్యాన్ని సిబ్బంది తీసుకొని భద్రపరచి, ప్రయాణం చివర తిరిగి ఇస్తారు. ఆ సీసాలతో స్వదేశం చేరినపుడు కస్టమ్స్ అనుమతి వేరు, రాష్ట్ర ఆబ్కారీ నిబంధన వేరు. విమానాశ్రయంలో వదిలిపెట్టారు కదా అని కారులో రాష్ట్ర సరిహద్దు దాటించబోతే చెక్‌పోస్టు వద్ద చిక్కు రావచ్చు.

నౌకలో ఉద్యోగానికి వెళ్ళే బిడ్డలకు

ప్రయాణికులకు ఉన్న వెసులుబాటు సిబ్బందికి ఉండదు. నావికుల శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడికకు 2010లో మనీలాలో చేసిన సవరణల ప్రకారం, భద్రతా విధులలో ఉన్నవారి రక్తంలో ఆల్కహాలు 0.05 శాతానికి మించరాదు. ఆ సవరణలు 2012 జనవరి 1న అమలులోకి వచ్చాయి. ప్రమాద సమయంలో ప్రయాణికులను లైఫ్‌బోట్ల వద్దకు చేర్చే బాధ్యత వెయిటర్లకు, గదులు శుభ్రపరిచేవారికి కూడా అప్పగిస్తారు. కనుక "నేను వంటశాలలోనే కదా" అన్న మాట చెల్లదు. పరీక్షలో పట్టుబడితే ఉద్యోగం పోయే అవకాశం ఉంది. ఆ ఉద్యోగం కోసం అప్పు చేసిన కుటుంబం బిడ్డను పంపే ముందే ఈ మాట చెప్పాలి.

టిక్కెట్టు కొనే ముందు నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ ప్రయాణంలో వయఃపరిమితి ఎంత? గదిలో అందరూ ప్యాకేజీ కొనాలా? సేవా రుసుము ధరలో చేరి ఉన్నదా? మద్యం ముట్టనివారికి ఏర్పాటు ఏమిటి? మద్యం తాగాలా, వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. తాగనివారు తాగేవారి బిల్లు కట్టవలసి రాకుండా చూసుకోవడం మాత్రం కుటుంబ పెద్దల పని.