రొక్కానికి ఎక్కువ, కార్డుకు తక్కువ - ఎందుకని?

దసరా వస్తుంది. దీపావళి వస్తుంది. ఆ వెనకే సంక్రాంతి. ఈ పండగల ముందు గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు బజార్లలో పెద్ద పెద్ద బోర్డులు కడతారు. సెల్‌ఫోను, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మిషను, అన్నిటికీ తగ్గింపు ధరలే.

బోర్డును కూడబలుక్కుని చదివితే అందులో ఒక చిత్రమైన మాట ఉంటుంది. ఫోను ధర 15,000 రూపాయలు. బ్యాంకు క్రెడిట్ కార్డు మీద కొంటే నూటికి పది రూపాయలు తగ్గింపు. అంటే 13,500 రూపాయలకే వస్తుంది. రొక్కం ఇచ్చి కొంటే మాత్రం 15,000 కట్టాల్సిందే.

కార్డు లేకపోయినా ఫరవాలేదంటారు. దుకాణంలోనే ఒక కుర్రవాడు బల్ల వేసుకుని కూర్చుంటాడు. "ఊరికే వస్తుందమ్మా. ఆధార్ చూపించండి. ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెప్పండి చాలు" అంటాడు.

పత్తి, మిరప పండించే ఊళ్లలో ఒకే సరుకుకు రెండు ధరలుండటం కొత్త కాదు. పురుగుమందుల కొట్టులో రొక్కం ధర వేరు, అరువు ధర వేరు. అరువు ధర ఎప్పుడూ ఎక్కువే. డబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టి కొట్టువాడు వడ్డీని ధరలోనే కలిపేస్తాడు. 1987లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. ఆ మందుల్లో చాలావరకు అరువు తెచ్చినవే. పంట పోయింది, కొట్లో పద్దు మిగిలింది. అప్పు తీర్చే దారి లేక కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అరువు ఖరీదు ఎంతో ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

మరి కార్డు దగ్గర లెక్క తలకిందులుగా ఉందేం? అరువుకు తక్కువ, రొక్కానికి ఎక్కువ! అప్పు ఇచ్చేవాడు నష్టపోతాడా?

మూడు రకాల కార్డులు

ముందు కార్డుల సంగతి తెలుసుకోవాలి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

ఒకటి ఏటీఎం కార్డు. దీన్నే డెబిట్ కార్డు అంటారు. ఖాతాలో ఉన్న సొంత డబ్బే దీనితో బయటకు వస్తుంది. ఖాతాలో లేకపోతే రాదు.

రెండోది కిసాన్ క్రెడిట్ కార్డు. ఇది 1998లో మొదలైంది. పంట పెట్టుబడికి బ్యాంకు ఇచ్చే అప్పు ఇది. 3 లక్షల రూపాయల దాకా పంట రుణానికి ఏడాదికి 7 శాతం వడ్డీ. గడువులోపల తీర్చినవాళ్లకు 4 శాతమే పడుతుంది. పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి గడువు పెడతారు.

మూడోది బజారులో ఇచ్చే క్రెడిట్ కార్డు. ఇదీ అప్పే. కానీ దీనికి పంటతో పనిలేదు. నెల నెలా బిల్లు వస్తుంది. "క్రెడిట్ కార్డు" అన్న పేరు రెండింటికీ ఉంది కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కానే కాదు.

ఈ మూడో రకం కార్డు తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. దేశంలో మొదట్లో క్రెడిట్ కార్డులు ఇచ్చిన బ్యాంకుల్లో అదొకటి. 1981లోనే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ రోజుల్లో కార్డు పెద్ద ఉద్యోగులకు, వ్యాపారులకే దొరికేది. ఇప్పుడు ఫోను కొట్లో బల్ల మీద దొరుకుతోంది.

తగ్గింపు ఎవరి జేబులోంచి?

దుకాణంవాడు తన జేబులోంచి 1,500 రూపాయలు ఊరికే ఇవ్వడు. అందులో కొంత ఫోను కంపెనీ భరిస్తుంది. కొంత బ్యాంకు భరిస్తుంది. బ్యాంకు ఎందుకు భరిస్తుందో చూద్దాం.

కార్డు మీద జరిగే ప్రతి అమ్మకానికి దుకాణం నుంచి బ్యాంకుకు కొంత రుసుము ముడుతుంది. కార్డుకు ఏటా ఫీజు ఉంటే అదీ వస్తుంది. కానీ అసలు రాబడి వడ్డీ. వందమందికి కార్డు ఇస్తే అందరూ గడువులోపల మొత్తం కట్టరని బ్యాంకుకు తెలుసు. కట్టలేనివాళ్లు ఇచ్చే వడ్డీలోంచి కట్టగలిగినవాళ్లకు తగ్గింపు ఇచ్చినా బ్యాంకుకు మిగులుతుంది. చేపల చెరువు దగ్గర గాలం వేసేవాడు ఎరకు ఖర్చు పెట్టడా? ఇదీ అంతే.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నెల జీతం వచ్చే టీచరమ్మ, నర్సమ్మ కార్డు మీద ఫోను కొని, గడువు తేదీకి 13,500 రూపాయలూ ఒకేసారి కట్టేస్తే వడ్డీ పైసా పడదు. ఆమెకు తగ్గింపు నిజంగానే మిగులుతుంది. కార్డు ఫీజు ఎంతో ముందే అడిగి ఉంటే సరి. కొన్న రోజును బట్టి ఇరవై నుంచి యాభై రోజుల దాకా వడ్డీ లేని గడువు దొరుకుతుంది. చిక్కంతా ఆ గడువు దాటితేనే.

కనీస మొత్తం అనే ఉచ్చు

బిల్లు వచ్చినప్పుడు దాని మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, 13,500 రూపాయలు. రెండోది "కనీస మొత్తం". అది నూటికి ఐదు చొప్పున 675 రూపాయలు అనుకుందాం. "ఇది కడితే చాలు" అని రాసి ఉంటుంది. అది చదివి ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. 675 ఎంతలో సంపాదించం!

ఆ 675 కడితే ఆలస్యం రుసుము పడదు. నిజమే. కానీ వడ్డీ ఆగదు. చాలా కార్డులకు వడ్డీ నెలకు మూడున్నర శాతం. కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఊరి భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్లో ప్రోనోటు రాయించుకుని నూటికి రెండు రూపాయలకు ఇచ్చే ఆసామిని "వడ్డీ పిండుతాడు" అంటారు. నూటికి మూడు రూపాయలంటే "వాడి గుమ్మం తొక్కొద్దు" అంటారు. 2004లో డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ వచ్చింది. ఆ పావలాకు ఇది పద్నాలుగు రెట్లు. పైగా ఈ వడ్డీ మీద ప్రభుత్వం నూటికి 18 రూపాయల పన్ను వేస్తుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేద్దాం.

13,500లో 675 కట్టగా మిగిలింది 12,825. దానికి నెల వడ్డీ 449. పన్ను 81. రెండూ కలిపి 530. బాకీ 13,355 అయింది.

రెండో నెల కనీస మొత్తం 668 కట్టారు. మిగిలింది 12,687. వడ్డీ, పన్ను కలిపి 524. బాకీ 13,211.

మూడో నెల 661 కట్టారు. మిగిలింది 12,550. వడ్డీ, పన్ను 518. బాకీ 13,068.

మూడు నెలల్లో చేతి నుంచి పోయింది 2,004 రూపాయలు. బాకీ తగ్గింది 432 రూపాయలే! మిగతా 1,572 రూపాయలూ వడ్డీకీ పన్నుకూ పోయాయి. దుకాణంలో వచ్చిన తగ్గింపు 1,500. అది మూడు నెలల్లో హరించుకుపోయింది. ఫోను బాకీ ఇంకా 13,068 అట్లాగే ఉంది. నిజానికి గడువులో మొత్తం కట్టనివాళ్లకు బ్యాంకు కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క కడుతుంది. కాబట్టి అసలు బిల్లు ఇంకాస్త ఎక్కువే వస్తుంది. కనీస మొత్తం కూడా కట్టకపోతే ఆలస్యం రుసుము వేరే.

వడ్డీ ఇంతకు మించకూడదని ఎవరూ అనలేదా? అన్నారు. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ 30 శాతం గీత ఇప్పుడు లేదు. జాగ్రత్త పడాల్సింది కొనేవాళ్లే.

పంట ఒకసారి, బిల్లు పన్నెండు సార్లు

పత్తి తీత దసరా దాటాక ఊపందుకుంటుంది. మిరపకాయల కోత సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా. గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో బస్తాలు పోటెత్తుతాయి. కూలికి వెళ్లే ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఆ నాలుగైదు నెలలే. ఎండాకాలం పనులు ఉండవు. కార్డు బిల్లుకు ఎండాకాలం, వానాకాలం లేదు. ప్రతి నెలా అదే తేదీకి వస్తుంది.

ధర కూడా మన చేతిలో లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరులో మిర్చి ధర బాగా పడిపోయింది. క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కన ఆదుకుంటామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి ధర పడిపోయిందని కార్డు బిల్లు తగ్గదు.

"సున్నా వడ్డీ వాయిదాలు" అని ఇంకో బోర్డు ఉంటుంది. సంఘాలకు వడ్డీ లేని రుణం అంటే సంఘం బదులు ప్రభుత్వం వడ్డీ కడుతుందని అర్థం. ఫోను కొట్లో ఏ ప్రభుత్వమూ కట్టదు. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ఏదో ఒక రుసుములో దాచి వసూలు చేస్తారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. కాబట్టి వాయిదాల మీద కొనేటప్పుడు మూడు అంకెలు అడగాలి. రొక్కం ఇస్తే ఎంత? వాయిదాలన్నీ కలిపితే ఎంత? వాయిదాలు కాక రుసుములు, పన్ను ఎంత? మూడూ రాసుకుని కూడికలు వేస్తే దాచింది బయటపడుతుంది.

ఆరు అంకెలే సంతకం

వేలిముద్ర వేసే రోజుల్లో తెల్ల కాగితం మీద ముద్ర వేయించుకుని తరవాత ఇష్టం వచ్చింది రాసుకునేవాళ్లు ఉండేవారు. సంతకం నేర్చుకున్నాక, చదవకుండా పెట్టకూడదని తెలిసింది. ఇప్పుడు కాగితమూ లేదు, పెన్నూ లేదు. ఫోనుకు ఆరు అంకెలు వస్తాయి. దాన్ని ఓటీపీ అంటారు. అది చెప్పటమంటే సంతకం పెట్టటమే. కాబట్టి అంకెలతో పాటు వచ్చిన నాలుగు మాటలూ చదవాలి. ఇంగ్లీషులో ఉంటే బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోవాలి. అర్థం కాకపోతే ఆ రోజుకు కార్డు వద్దని లేచి రావచ్చు. ఫోను ఎక్కడికీ పోదు.

కార్డు దరఖాస్తుతో పాటు వడ్డీ, రుసుములు రాసిన ఒక పేజీ కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఆ కాగితం అడగాలి. అడక్కుండా కార్డు అంటగట్టకూడదు అని కూడా అదే నియమంలో ఉంది.

ఇంకో సంగతి. కార్డు తల్లి పేరు మీద ఉంటుంది, ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. "నేను కడతాలే అమ్మా" అంటాడు కొడుకు. కట్టకపోతే బ్యాంకు అడిగేది తల్లినే. ఆమె అప్పుల చరిత్రకు 300 నుంచి 900 లోపల ఒక మార్కు ఉంటుంది. బాకీ పడితే ఆ మార్కు పడిపోతుంది. రేపు ఇంటికో, గేదెకో అప్పు కోసం వెళ్తే బ్యాంకు ముందు చూసేది ఆ మార్కునే. కొడుకు మీద ప్రేమ వేరు, బాకీ వేరు. కొడుకే కడతానంటే కార్డు కొడుకు పేరునే తీసుకోమనడం మేలు.

ఇప్పటికే చిక్కుకుంటే

ముందు ఆ కార్డు వాడటం ఆపాలి. ఆ కార్డుతో ఏటీఎంలో డబ్బు అసలే తీయకూడదు. దానికి మొదటి రోజు నుంచే వడ్డీ. తరవాత సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి దొరికితే తెచ్చి, మూడున్నర రూపాయల బాకీ తీర్చేయాలి. అప్పు తీర్చటానికి అప్పేమిటి అంటారు కొందరు. ఇక్కడ అది తెలివైన పనే. నెలకు నూటికి రెండున్నర రూపాయలు మిగులుతాయి.

వసూలు చేసేవాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తరవాత ఫోను చేయకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు. ఇది కూడా రిజర్వు బ్యాంకు మాటే.

బాకీ తీరాక కార్డు మూయించుకోవాలి. అందుకు ఇట్లా రాయవచ్చు:

"బ్యాంకు మేనేజరు గారికి,
నా పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు బాకీ మొత్తం కట్టేశాను. ఈ కార్డు నాకు అక్కర్లేదు. కార్డు మూసివేసి, మూసినట్టు తెలియజేయండి.
కార్డు చివరి నాలుగు అంకెలు:
ఫోను నంబరు:
తేదీ:
సంతకం:"

రెండు కాగితాలు రాయాలి. ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకుని దాచుకోవాలి. బాకీ లేకపోతే పనిచేసే రోజులు ఏడింటిలో కార్డు మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే ఇవ్వాలి. ఏ ఫిర్యాదైనా ముందు బ్యాంకుకే రాసి ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. ఎట్లా చేయాలో 14448 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు.