కాల్చింది ఎవరి పుస్తకం?

ఎఫెసు పట్టణంలో ప్రభువును నమ్ముకున్నవారిలో మాంత్రిక విద్య చేసినవారు అనేకులు తమ పుస్తకాలు తెచ్చి, అందరి ఎదుటా తగలబెట్టారు. వెల కడితే యాభై వేల వెండి నాణేలైంది (అపొ.కా. 19:19). ఈ వాక్యం మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. అది నన్నే నిలదీస్తోందని మాత్రం మొన్నటి వేసవిలో, మనవడికి కథ చదివి వినిపిస్తున్నప్పుడు గాని తెలియలేదు.

ఆ కథ ‘ముగ్గురు మాంత్రికులు’. 1950లలో ‘చందమామ’లో వచ్చిన సీరియల్. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఇలాంటివి పన్నెండు రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆ పత్రికలో సుమారు అర్ధశతాబ్దం పనిచేసి 2010లో కన్నుమూశారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. బొమ్మలు వేసిన ‘చిత్రా’యే మాకు తెలుసు. (హెబ్రీ పత్రిక రాసినవారి పేరూ తెలియదు. అలాగని చదవడం మానేశామా?)

నా చిన్నప్పుడు చీపురుపల్లిలో రైల్వే ఉద్యోగి ఒకాయన పాత సంచికల్లోంచి ఈ సీరియల్ పేజీలు విప్పి, వరసగా పేర్చి బైండు చేయించుకున్నారు. అడిగితే, “చేతులు కడుక్కుని రా గుంటడా” అనేవారు. వాళ్ల అరుగు మీద కూర్చుని చదివితే, వెళ్లే రైలేదో వచ్చే రైలేదో తెలిసేది కాదు. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. ఆ వారమే కూటాల్లో ఒక పెద్దాయన, మాంత్రికుల పుస్తకం ఉన్న ఇంట ఆశీర్వాదం ఉండదన్నారు. అప్పటికి ఆ బైండు మా ఇంట్లో ఉంది. రాత్రికి రాత్రే పొయ్యిలో పెట్టేశాను. మర్నాడు ఆయనకు “పోయిందండీ” అని చెప్పాను. మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు.

నాటి పెద్దల భయాన్ని నేను నవ్వి తోసేయను. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన ఊళ్లు మన వైపున ఉన్నాయి. సోదె, చిల్లంగి, కర్ణపిశాచం వద్దని ధర్మశాస్త్రం ఊరికే చెప్పలేదు (ద్వితీ. 18:10,11). కానీ అది చేయడం గురించిన మాట. దానియేలు కల్దీయుల విద్యంతా చదివాడు, వారి దేవతలకు మొక్కలేదు. కాకినాడలో వేదాంత విద్య చదివేటప్పుడు సి.ఎస్. లూయిస్ ‘నార్నియా’ కథలు చేతికొచ్చాయి. 1950 నుంచి 1956 దాకా వచ్చిన ఏడు పుస్తకాలు. వాటిలోనూ మంత్రగత్తె ఉంది. ఆ సింహాన్ని ప్రసంగాల్లో ఎంత గొప్పగా చెప్పానో! ఇంగ్లీషు మంత్రగత్తె నాకు అభ్యంతరం కాలేదు, తెలుగు మాంత్రికుడే పొయ్యిలోకి వెళ్లాడు.

ఇప్పుడు పుస్తక రూపంలో దొరికితే మళ్లీ చదివాను. అప్పట్లో నాకు మాంత్రికులే కనిపించారు. ఈసారి పింగళుడు కనిపించాడు. చేపలు పట్టుకుని బతికే కుర్రవాడు. అతనికి అసలు కష్టం మాంత్రికుల వల్ల కాదు, సొంత అన్నల వల్ల. యోసేపు కథ తెలిసినవారికి ఆ పేజీలు గబగబా తిప్పడం కష్టం. నేను ఆగిపోయాను. మావాడు ఊరుకోడు గదా, “తాతా, నువ్వు చిన్నప్పుడు చదివిన పుస్తకం ఏదీ?” అన్నాడు.

కాల్చేశానని చెప్పాను. “నీదేనా?” అన్నాడు.

ఎఫెసువారు కాల్చింది తమ పుస్తకాలను, తమ యాభై వేలను. నేను కాల్చింది ఎదుటివాడిది. పైగా అబద్ధమాడాను. నిప్పు అంటించినవాడే నష్టం ఇచ్చుకోవాలని నిర్గమకాండంలో (22:6) ఉంది. ఇన్నేళ్ల పరిచర్యలో ఆ వచనం మీద ఒక్కసారీ ప్రసంగించలేదు.

ఆయనకు ఎనభై దాటాయి. విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, కొత్త పుస్తకం చేతిలో పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన అట్ట తడుముతూ, “తెలుసు అయ్యగారూ. మర్నాడు సాయంత్రమే మీ అమ్మ వచ్చి చెప్పింది. డబ్బులివ్వబోతే నేనే వద్దన్నాను” అన్నారు. కాసేపాగి, “నువ్వొస్తావని చూశాను” అన్నారు.

అమ్మ ఆ సంగతి బతికున్నన్నాళ్లూ నాతో అనలేదు. నా చేతనే చెప్పించాలని ఎదురుచూసిందేమో.

పుస్తకం ఆయన దగ్గరే ఉంచి వచ్చాం. మావాడికి ఇంకా సగం కథ మిగిలే ఉంది. వాడికి మరో ప్రతి వెతకాలి.