పప్పు ఉడకలేదు... తప్పెవరిది?

"అక్కా, ఈ కందిపప్పు ఎంతసేపైనా ఉడుకుతలేదు. దుకాణపాయన మోసం చేసిండు!" పటాన్‌చెరులో ఉన్నప్పుడు మా పక్కింటి కొత్తకోడలు గిన్నె పట్టుకొచ్చింది. ముందురోజు వేరే పప్పు తెచ్చి, బోరు నీళ్లకు బదులు మంజీరా నీళ్లు పోసి వండితే మెత్తగా ఉడికిందట. పప్పూ మార్చి, నీళ్లూ మారిస్తే తప్పు దేనిదని తేలేదెలా?

సరే, ఇద్దరం పరీక్ష పెట్టాం. ఒకే డబ్బాలోని పప్పు, ఒకేలాంటి రెండు గిన్నెలు, సమానంగా నీళ్లు. ఒకదాంట్లో బోరువి, రెండోదాంట్లో మంజీరావి. స్టవ్ మంటలు రెండూ ఒక్కలా ఉండవు కదా, అందుకని రోజూ గిన్నెల చోటు మార్చాం. ఏది ఏ నీళ్లదో చెప్పకుండా మా అత్తగారిని నలిపి చూడమన్నాం. నాలుగు రోజులూ ఆవిడ "ఇదే బిరుసుగా ఉందర్రా" అని చూపించింది బోరు నీళ్ల గిన్నెనే! నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు త్వరగా ఉడకదు. పాపం, దుకాణదారు బతికిపోయాడు.

"అయితే ఈ నీళ్లు పిల్లలకు తాపొచ్చా అక్కా?" అందా అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు. పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే బదులిస్తుంది. మేం అడిగింది పప్పు గురించి!

ఈ ప్రాంతం నీళ్లు పాడయ్యాయని ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 1990లోనే సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. 2006 నవంబరులో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం మరో ప్రశ్న వేసింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో ఏయే మందులు, ఎంతెంత మిగిలాయి? వరసగా రెండు రోజులు నమూనాలు తీశారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది! ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఇలాంటి నీళ్లలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగితే, రేపు మన పిల్లలకు జ్వరమొచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

"నీళ్లు బాగాలేవు" అంటే ఫిర్యాదు. "ఏముంది, ఎంతుంది, ఎక్కడినుంచి వచ్చింది?" అంటే ప్రశ్న. రెండోదాన్ని తోసిపుచ్చడం అంత తేలిక కాదు.

కాబట్టి మీ బోరు మీద అనుమానముంటే రుచి చూసి తేల్చకండి. ఏ నీళ్లు, ఏ తేదీ, వానకు ముందా తర్వాతా, అన్నీ నోటుపుస్తకంలో రాయండి. పోలికకు దూరంగా ఉన్న బోరు నీళ్లూ పట్టండి. ల్యాబులో ఇచ్చేటప్పుడు దేనికోసం పరీక్షించాలో అడిగి మరీ చెప్పండి. ఉప్పదనం, గట్టిదనం చూసే మామూలు పరీక్షలో మందు బయటపడదు.